మూడో తరగతి కుండలు

మూడో తరగతి పిల్లలు గీసిన కుండలన్నీ వణుకుతున్నాయి.

డ్రాయింగ్ టీచర్ సావిత్రి పిల్లల పుస్తకాలను బల్ల మీద పక్కపక్కన పరిచి చూసుకుంది. మెడ దగ్గర ఒక కుదుపు, పొట్ట తిరిగేచోట సన్నటి అలలు, అడుగున మళ్లీ ఒక తడబాటు. ఒక్కరి పుస్తకంలోనే ఉంటే చేతకానితనం అనుకోవచ్చు. అందరి కుండలూ ఒకేచోట వణికితే ఆ వణుకు బోర్డు మీది నుంచి దిగినట్టే. టీచర్ ఏది గీస్తే అది ఉన్నదున్నట్టు దించాలని ఇన్నేళ్లుగా ఆమే నేర్పింది. పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేశారు.

చెయ్యి వణకడం మొదలై ఏడాది దాటింది. ముందు టీ గ్లాసు దగ్గర, తర్వాత సుద్దముక్క దగ్గర. ఏ డాక్టరుకూ చూపించలేదు. చూపిస్తే దానికో పేరు పెడతారు; పేరు పెట్టాక అది తనదవుతుంది. ఆమె తండ్రి నేతగాళ్లుండే కొత్తవాడలో జంపఖానాలకు నమూనాలు గీసేవాడు. ఆయన చెయ్యి కూడా ఇలాగే మొదలైంది. ఎవరూ ఒక్క మాట అనలేదు, గీసే పని మాత్రం మెల్లమెల్లగా వేరేవాళ్ల దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఆయన ఇంట్లో ఒక మూలన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. సావిత్రికి రోగమంటే అంత భయం లేదు. అలా కూర్చోవాల్సి వస్తుందనే భయం.

ఆ రోజు ఎడమచేత్తో కుడి మణికట్టును అదిమిపట్టి బోర్డు మీద చిలుకను గీస్తుంటే వెనక బెంచీల్లో గుసగుసలు వినిపించాయి.

"నీది తప్పు," అంటున్నాడు పవన్. "టీచర్ గంత సాఫుగ గీయలే. జర వణికియ్యి."

"వణికిస్తే ఖరాబైతది గదరా," అంది సౌమ్య. తరగతి మొత్తంలో నిలకడైన చెయ్యి ఆ పిల్లదొక్కటే.

"అయితే అయితది. టీచర్ లెక్క ఉండాలె."

సౌమ్యదే సరైన గీత అని సావిత్రి వెనక్కి తిరిగి ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. సరైన గీత అదైతే బోర్డు మీదున్నది ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు. రబ్బరుతో సౌమ్య తన చిలుకను తుడిచేస్తున్న చప్పుడు వింటూనే ఆమె తోక పూర్తిచేసింది.

మరునాడు ప్రిన్సిపాల్ రాజేశ్వర్ రావు వచ్చాడు. తల్లిదండ్రుల సమావేశం నాడు గోడలకు అంటించే బొమ్మలను ఒక్కొక్కటే తిరగేశాడు.

"ఏంది మేడం, క్లాసు మొత్తానికి సలిజెరం వచ్చిందా?"

తన మాటకు తనే నవ్వాడు. నవ్వు ఆగాక ఆమె చేతుల వైపు చూశాడు, లేదా చూశాడని ఆమెకు అనిపించింది. చేతులు కొంగు చాటుకు పోయాయి.

"కావాలనే నేర్పిన సార్. స్కేలు పెట్టినట్టు గీస్తే గీతల జీవముండదు. ఇప్పుడు డిజైన్ల గిదే నడుస్తాంది."

చెయ్యి గీయలేని గీతను నోరు ఒక్క కుదుపు లేకుండా గీసేసింది.

"మోడర్న్ ఆర్టా? గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా. అయితే మీటింగ్ నాడు స్టేజి మీద మీరే గీసి చూపెట్టున్రి."

"పిల్లలు గీస్తెనే బాగుంటది సార్. సౌమ్యతోని గీయిస్త."

కదపమన్నచోట కదిపి, ఆపమన్నచోట ఆపగలిగే చెయ్యి మరొకటి లేదు. కానీ ఎంత చెప్పినా ఆ పిల్ల గీత మళ్లీ నున్నగానే వచ్చేది. చివరికి సావిత్రి పక్కన కూర్చుని, అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు సౌమ్య పిడికిలిని తన చేతిలోకి తీసుకుంది. రెండు చేతులూ కలిసి కాగితం మీద నడిచాయి. చిన్న పిడికిలి మొదట బిగుసుకుంది, కాసేపటికి లొంగిపోయింది. సావిత్రికి ఏడాదిగా లేని నెమ్మది కలిగింది. బరువును ఇంకొకరు పంచుకున్నప్పుడు కలిగే నెమ్మది అది. అదేమిటో తెలిసి కూడా ఆమె పిడికిలి వదల్లేదు. తర్వాతి రోజుల్లోనూ భోజనాలయ్యాక అలాగే కూర్చున్నారు.

"ఇప్పుడొచ్చింది," అంది ఒకరోజు సావిత్రి.

సమావేశంలో సౌమ్య తెల్లటి చార్టు మీద బొగ్గుతో పెద్ద కుండ గీసింది. గీత మొదటి నుంచి చివరిదాకా వణికింది. చప్పట్లు మోగాయి. వచ్చే ఏడు నాలుగో తరగతిని కూడా సావిత్రి మేడంకే అప్పజెప్తామని రాజేశ్వర్ రావు మైకులో ప్రకటించాడు.

స్టేజి దిగేసరికి సౌమ్య తల్లి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె కొత్తవాడలో మగ్గం మీద పనిచేస్తుంది.

"మేడం, జర ఒక ముచ్చట. పిల్ల ఇంట్ల గూడ గిట్లనే గీస్తాంది. పేరు రాసినా గట్లనే వస్తాంది. సక్కగ రాయే అంటె, వస్తలేదమ్మా అని ఏడుస్తాంది. దవాఖానకు తీస్కపోవాల్నా?"

తీసుకుపోతే, ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావని డాక్టరు పిల్లనే అడుగుతాడు.

"ఏం ఫికర్ చెయ్యకమ్మా," అంది సావిత్రి. "గది కళ. అందరికి రాదు."

తల్లి ముఖం తేలికపడింది. "మీ దయ మేడం," అంటూ సావిత్రి కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. రోజంతా పోగుల బిగువు పసిగట్టే ఆ చేతులు, లోపలి వణుకు తగలగానే ఉన్నచోటే ఆగిపోయాయి. సావిత్రి వెనక్కి లాక్కోబోయింది. తల్లి వదల్లేదు.

"గిది గూడ కళేనా మేడం?"

ఆమె గొంతు పెంచలేదు. రెండడుగుల దూరంలో రాజేశ్వర్ రావు ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"అవును," అంది సావిత్రి.

తల్లి చెయ్యి వదిలేసింది. వంగి, సౌమ్య వేళ్లకంటిన బొగ్గును కొంగుతో ఒక్కొక్క వేలే తుడవడం మొదలుపెట్టింది. నలుపు పోయాక కూడా తుడుస్తూనే ఉంది.