ఎడమ చెయ్యి

ముప్పై ఏడో పెన్సిలు చెక్కేసరికి హాన్ టీచరు బొటనవేలు మళ్లీ చిట్లింది. పదిహేనేళ్లుగా సుద్దముక్కలు పట్టీ పట్టీ ఎండిపోయిన వేళ్లవి. రక్తం వచ్చినచోట నోట్లో పెట్టుకుని, మిగిలిన చేత్తో పెన్సిళ్లన్నీ మొనలు ఒకే వైపుకి వచ్చేలా సర్దింది. ఒకటో తరగతి పిల్లలకి చెక్కుకోవడం రాదు. చెక్కుకోవడం వచ్చేసరికి రెండో తరగతికి పోతారు.

ఇవాళ ఆమె నలిగిన జుబ్బా మానేసి, పెళ్లిళ్లకి వేసే ఊదారంగు పొడుగు అంగీ వేసుకుంది. పై ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చి ఆమె పాఠం వింటారు. మెచ్చుకుంటే ‘మంచి ఉపాధ్యాయిని’ పత్రం, దాంతోపాటు ఉద్యోగం ఖాయం. మెచ్చకపోతే పదహారో ఏడు కూడా మే నెల రాగానే, మళ్లీ పిలుస్తారో లేదో అని హెడ్మాస్టరు మొహంకేసి చూడటమే.

పిల్లలు వచ్చి బల్లలమీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. అది బడి తెరిచిన సెప్టెంబరులోనే నేర్చుకున్నారు.

“నిన్న చెప్పింది గుర్తుందా? ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలి. వచ్చినవాళ్లు?”

“కుడి చెయ్యండీ!”

“రానివాళ్లు?”

“ఎడం చెయ్యండీ!”

కుడి చేతుల్లోంచే ఎవరినో ఒకరిని లేపుతుంది. ఆఫీసువాళ్లకి తరగతి మొత్తం తెలివిగా కనబడుతుంది. ఆ ఊళ్లో, నదికి అవతలి ఊళ్లో, టీచర్లందరూ చేసే పనే ఇది.

మూడో వరసలో మెన్ కూడా తలూపింది. లాటరీ టికెట్లు అమ్మే ఆమె కూతురు. ఖాళీ అయిన చేపల పులుసు సీసాలో రోజూ మంచినీళ్లు తెచ్చుకుంటుంది. ఎడమచేతి వాటం పిల్ల. దాన్ని కుడి చేతికి మార్చడానికి హాన్ టీచరు ఏడాదంతా స్కేలుతో తంటాలు పడింది. చివరికి మార్చింది కూడా. ఆ సంగతి తోటి టీచర్లకి గొప్పగా చెప్పుకుంది.

ముగ్గురూ వచ్చి వెనక బల్లమీద కూర్చున్నారు. చదివే పాఠం నీళ్లు తాగినట్టు సాగింది. తర్వాత లెక్కల వంతు వచ్చింది. పదిహేడులోంచి ఐదు తీస్తే ఎంత? ముప్పై ఎనిమిది చేతులు లేచాయి. టీచరు నోరు తెరిచేలోపే ఆఫీసువాళ్లలో ఒకావిడ, “ఆ ఎర్ర రిబ్బను పాపని అడగండి,” అంది.

మెన్ కుడి చెయ్యి ఎత్తి ఉంది. లేచి నిలబడింది.

“చెప్పమ్మా. చెయ్యెత్తావుగా?” అందావిడ.

“నాకు రాదండీ.”

“మరి ఎందుకెత్తావు?”

“రాకపోతే ఎడం చెయ్యి ఎత్తమన్నారండీ టీచరు. మళ్లీ ఎడం చెయ్యి వాడితే వేళ్లు విరగ్గొడతానని కూడా అన్నారండీ. అందుకని ఇది ఎత్తానండీ.”

ఆవిడ కాగితంలో తల దాచుకుంది. మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు.

పదిన్నరకి హెడ్మాస్టరు ఖాంగ్ టీచరుని గదిలోకి పిలిచాడు. “ఆ ముగ్గురి బళ్లలోనూ జరిగేది ఇదే తంతు. వాళ్ల పిల్లలు నోరు మూసుకుంటారు, అంతే తేడా. పోనీ, ఆ పిల్ల మందబుద్ధిదని ఒక కాగితం ఉంటే దాని మాట లెక్కలోకి రాదుట. తల్లే రాసిచ్చినట్టుండాలి. నువ్వే రాసెయ్.”

హాన్ రాసింది. ఒకటో తరగతికి నమూనా అక్షరాలు రాసీ రాసీ ఆమెకి వేరే రాత రాదు. కాగితం నిండా గుండ్రటి, పెద్ద, విడివిడి అక్షరాలు.

పదకొండుకి తల్లి వచ్చింది. చెమటతో అతుక్కుపోయిన టోపీ తీసి, ఎందుకేమిటని అడక్కుండానే సిరాలో వేలు ముంచింది. ఆమె మోచేతి కింద నుంచి మెన్ తల దూర్చి, వేలితో అక్షరాల వెంట నడిచింది.

“నా... కూ... తురు... మంద... బుద్ధి... నోటి... కొచ్చి... నట్టు...”

ఏడాది మొత్తంలో ఆ పిల్ల అంత పొడుగు వాక్యం చదవడం అదే మొదలు. టీచరు గుండె ఒక్కక్షణం సంతోషంతో కొట్టుకుంది. ఆ తర్వాత చచ్చేంత సిగ్గేసింది.

తల్లి వేలు గాల్లో ఆగింది. “మందబుద్ధా? చదువుతోంది గదండీ!”

“చిలకపలుకులమ్మా అవి. దానికి అర్థం తెలీదు,” అంది హాన్ టీచరు.

తల్లి కూతురివైపు చూసింది. టీచరువైపు చూసింది. చదువుకున్న మనిషి అబద్ధమాడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“అంతేలెండి. మీకు తెలీదా? మరి అలాంటిదానికి బడెందుకండీ? రేపట్నించి నాతో టికెట్లు అమ్ముకుంటుంది.”

ఒక్క మాట అంటే సరిపోయేది. హాన్ టీచరుకి ఆ మాట తెలుసు. గొంతుదాకా వచ్చింది కూడా.

“వేలిముద్ర కొంచెం కిందకి వెయ్యమ్మా. అక్షరాల మీద పడుతుంది,” అంది.

మెన్ నేర్పినట్టే చేతులు కట్టుకుని, నడుం వంచి, “వెళ్లొస్తానండీ టీచర్,” అంది. తల్లి చెయ్యి పట్టుకుని ఎండలోకి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు. నెలాఖరుకి పత్రం వచ్చింది, ఉద్యోగమూ ఖాయమైంది.

కిటికీ గట్టుమీద మెన్ నీళ్లు తెచ్చుకున్న చేపల పులుసు సీసా, సగం చిరిగిన లేబులుతో, మంచినీళ్లతో నిండా, మూత బిగించి అలాగే ఉంది.