స్కాన్‌కు ముందు అడిగిన ప్రశ్నలు

హిందీ మాట్లాడే ఆ ఉక్కు టౌన్‌షిప్పులో, సెక్టర్ 7 క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఊళ్ళో బడి చదువు ముగించి, కొత్తగా పెదనాన్న ఇంటికి వచ్చిన జ్యోత్స్న, తమ ఇల్లే అనుకుని సైకిలును ఎవరి గేటులోకో తిప్పింది. ఆ గేటు మూసి ఉంది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. ఆ ఇంటావిడ పిల్లని గుర్తుపట్టి ఫోను చేస్తే పెదనాన్న సురేంద్రనాథ్ పరుగున వచ్చి, స్కూటరెక్కించి తిన్నగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోయాడు.

డ్యూటీ డాక్టరు కల్యాణి ఆ ఊళ్ళోనే క్యాంప్ 1 అనే పేటలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. బొప్పి నొక్కి చూసి, కళ్ళలోకి టార్చి వేసి, "క్యా హువా బేటా? ఎలా పడ్డావు?" అంది.

జ్యోత్స్న తల వంచుకుంది. ఉంటున్న ఇల్లే పోల్చుకోలేకపోయానని పెదనాన్న ముందు ఎలా చెప్పడం?

"బ్రేకు పడలేదనుకుంటాను మేడమ్," పెదనాన్న అందుకున్నాడు. "సీటీ స్కాన్ రాసీండి."

"స్పృహ తప్పిందా? వాంతి అయ్యిందా?"

"ఏటీ అవలేదు. అయినా తీసీద్దాం. నేను రైల్ మిల్లులో పరీక్షల సెక్షన్. ప్రతి రైలు పట్టాలోకీ అల్ట్రాసౌండ్ పంపి, లోపల బీట లేదని తేలాకే బయటికి వదుల్తాం. ఇనుముకే అంత చేసి పిల్ల తలకాయి వదిలేస్తామేటి?"

"అంకుల్, ఆ పరీక్షతో పట్టాకి ఏమీ కాదు. స్కాన్‌లో ఎక్స్‌రే కిరణాలుంటాయి, అవీ బాగా ఎక్కువ. జరూరత్ లేకుండా, ఊరికే పిల్లలకి ఇవ్వకూడదు. పైగా పట్టా నోరు విప్పి చెప్పదు, ఈమె చెప్పగలదు." జ్యోత్స్న వైపు తిరిగింది. "కానీ దెబ్బ తగిలాక ఇలా మాట్లాడకపోతే నాకూ డౌటే. స్కాన్‌కి పంపాల్సిందే."

"ఇది మొదట్నుంచీ ఇంతే మేడమ్. మా ఆవిడ అన్నం పెట్టనా అన్నా తలే ఊపుద్ది."

"ఆమెనే చెప్పనివ్వండి."

ఎదుటి స్కాన్ గది తలుపు ఇంకా మూయలేదు. తెల్లటి గుండ్రటి యంత్రంలోకి ఎవరో పడుకుని మెల్లగా వెళ్తున్నారు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. తన తల లోపల ఎలా ఉంటుందో బొమ్మ కూడా వస్తుంది. నోరు మూసుకుంటే చాలు, రెండూ దక్కుతాయి. మరి ఆ కిరణాలు? లోపలికి వెళ్ళి ఏమవుతాయి? ప్రశ్న నాలుక మీద ఆగలేదు.

"అవి తల్లోనే ఉండిపోతాయా మేడమ్?"

పెదనాన్న ఉలిక్కిపడ్డాడు.

"ఉండవు, దాటిపోతాయి. పోతూ పోతూ కొంచెం పాడు చేయొచ్చు. చాలా తక్కువ ఛాన్సు. లాభం లేనప్పుడు ఆ కొంచెమైనా ఎందుకు?"

"బొమ్మలో ఏటి అగుపడుద్ది?"

"ఎముక విరిగిందా, రక్తం చేరిందా. అంతే."

"మనం మనసులో అనుకునేవి?"

"అవి కూడా కనిపిస్తే నా పని ఎంత ఆసాన్, ఎంత తేలికయ్యేదో!" కల్యాణి నవ్వింది. "ఇప్పుడు చెప్పు. పడింది గుర్తుందా?"

అంతా గుర్తుండడమే చిక్కు. "బ్రేకు బాగానే ఉంది. మనిల్లే అనుకుని తిప్పీసాను పెదనాన్నా. గేటు రంగూ అదే. లోపల కుక్క అరిచింది. అప్పటికే గుద్దీసాను. ఆవిడ హిందీలో ఏటో అడిగింది. అర్థం కాక హాఁ హాఁ అన్నాను."

"ఓసి నీ! దానికేటే సిగ్గు? కొత్తలో నేనూ ఎవరింట్లోకో పోయి, చెప్పులిప్పి కుర్చీలో కూకున్నాను. ఆవిడ టీ కూడా పెట్టీసింది!"

కల్యాణి స్కాన్ రాయలేదు. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చోమంది. వాంతులైనా, నొప్పి పెరిగినా, లేపినా లేవనంత నిద్ర పట్టినా అప్పుడు తప్పక తీస్తానంది.

"నిద్రకెందుకు భయం మేడమ్?" అడిగింది జ్యోత్స్న. అంతలో లోపలినుంచి నర్సు పిలిచింది. "వచ్చి చెప్తా," అంటూ కల్యాణి వెళ్ళిపోయింది.

జ్యోత్స్న పెదనాన్న వైపు చూసింది.

"నాకూ తెలీదే," అన్నాడాయన. ఇద్దరూ బల్ల మీద కూర్చుని, డాక్టరమ్మ ఎప్పుడొస్తుందా అని ఆమె వెళ్ళిన తలుపుకేసే చూస్తున్నారు.