నీదా నీదా

మా ఆయన జీవితంలో ఒకే ఒక్క పాట కట్టారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా దాన్నే వాడుకుంటున్నారు.

మొదటిసారి పాడింది ఎనభై ఆరులో, కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవంలో. అప్పటికి సన్నగా ఉండేవారు, తల మీద జుట్టూ ఉండేది. అద్దెకు తెచ్చిన కీబోర్డు ముందు నిలబడి, రెండు వేళ్ళతో టింగుటింగుమనిపిస్తూ "నీదా నీదా, ఈ మనసు నీదా" అని పాడారు. రచన, స్వరకల్పన, గానం అన్నీ పార్థసారథే అని మైకులో తనే చెప్పుకున్నారు. స్టేజీ దిగాక మంచినీళ్ళ దగ్గర నాతో, "భానుమతిగారూ, అది మీ కోసమే" అన్నారు. అప్పటికి మా ఇంట్లో నాకు రాజమండ్రి డాక్టరు సంబంధం దాదాపు ఖాయం చేశారు. నేను అడ్డం తిరిగాను. డాక్టర్లు ఊరికి వందమంది దొరుకుతారు, నా కోసం పాట కట్టినవాడు ఒక్కడే దొరికాడు అని మా అమ్మతో నెల రోజులు వాదించాను. మా పెళ్ళికి పునాది ఆ వాదనే.

ఆ తర్వాత పాట చాలా వేషాలు వేసింది. మా అమ్మాయి కీర్తిక పుట్టినప్పుడు "నిద్దరా నిద్దరా" అని జోలపాటయింది. హైదరాబాదులో ఉద్యోగం మానేసినప్పుడు "సీటు నీదా" అని వీడ్కోలు పాటయింది. సింగపూర్ వచ్చాక, తెలుగువాళ్ళ వినాయక చవితిలో "నీదే నీదే, కుడుమంతా నీదే" అని భక్తిగీతం కూడా అయింది. ఎన్ని వేషాలేసినా టింగుటింగు మాత్రం మారలేదు.

పాడమంటే దొరికేవారు గానీ ఇంట్లో ఉండమంటే దొరికేవారు కాదు. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసులో పని. ఆంగ్ మో కియోలో ఫ్లాట్. రెండు వేల ఏడు అది. ఐటీ వాళ్ళను కంపెనీలు ఎక్కడెక్కడికో లాక్కుపోతున్న రోజులు. కీర్తిక స్కూలు మీటింగులకు నేనే వెళ్ళాలి. నాకు డెంగీ వస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళింది పక్కింటి లిమ్ ఆంటీ. అదేమిటంటే, "ఈ వారం కొత్త సిస్టం గో లైవ్ ఉంది భానూ, సిస్టం ఆగితే బ్యాంకే ఆగిపోతుంది" అనేవారు. ఒక్కసారి ఆగిపోతే చూద్దామని నాకు చాలా ఉండేది. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఎంత కోపం వచ్చినా ఆ పాట గుర్తొస్తే చల్లారిపోయేదాన్ని. మనిషి లేకపోయినా పాట ఉంది కదా అనుకునేదాన్ని.

ఆ ఏడాది ఉగాదికి ఆయనకో ఆలోచన వచ్చింది. పాటను కొత్త హంగులతో రికార్డు చేసి సీడీగా విడుదల చెయ్యాలట. మూడు వందల సీడీలు అచ్చేయించారు. అట్ట మీద నల్లకళ్ళద్దాలతో తన ఫొటో, వెనక పెద్దక్షరాలతో "రచన, స్వరకల్పన, గానం: పార్థసారథి". ఆవిష్కరించడానికి తన పై మేనేజరును పిలిచారు. పేరు మత్తియాస్, జర్మన్ ఆయన. ఆ నెలలోనే ప్రమోషన్ల లిస్టు ఆయన టేబుల్ మీదికి వెళ్తుందని నాకు తర్వాత తెలిసింది.

కార్యక్రమానికి వారం ముందు ఇంట్లో రిహార్సల్ జరుగుతుంటే తలుపు దగ్గర లిమ్ ఆంటీ ప్రత్యక్షమైంది. గోల ఎక్కువైందేమోనని నేను సారీ చెప్పబోయాను. ఆవిడ చెప్పులు విడిచి లోపలికొచ్చి, నడుం మీద చెయ్యేసుకుని ఊగడం మొదలుపెట్టింది.

"నీ ద, నీ ద," అని పాడింది, సరిగ్గా టింగుటింగు మీదే. "దిస్ వన్ మై టైమ్ సాంగ్ లా. మై హస్బెండ్ అండ్ మీ, డాన్స్ హాల్ గో, ఎవ్రీ వీక్ దిస్ సాంగ్."

చైనీసులో నీ ద అంటే 'నీది' అని అర్థమట. పాతకాలం క్యాసెట్టు కూడా తెచ్చి చూపించింది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముఖం ఎర్రగా చేసుకున్నారు.

"చూశావా భానూ, మన పాటని చైనావాళ్ళు కూడా ఎత్తేశారు. కాకినాడలో పాడింది వీళ్ళదాకా ఎలా వచ్చిందంటావ్?"

"దీని మీద ఎనభై నాలుగు అని ఉందండీ. మీరు పాడింది ఎనభై ఆరు కదా."

"అచ్చుతప్పు," అన్నారు ఆయన. అని ఆఫీసు ఫోను వచ్చిందని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

కీర్తికకు పద్నాలుగేళ్ళు. దానికి అచ్చుతప్పుల మీద నమ్మకం లేదు. పాత రికార్డుల పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి నడిపే వెబ్‌సైటొకటి తీసి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పాట పుట్టింది జర్మనీలో, ఎనభై మూడులో. ఒకే రకం కోట్లు వేసుకున్న ముగ్గురు, మూడు కీబోర్డులు. మొదట చిన్న రికార్డు, ఆ వేసవిలోనే ఏడు నిమిషాల పెద్ద రికార్డు. తర్వాత డచ్చివాళ్ళు పాడారు. ఫ్రెంచి గాయని ఒకావిడ ఏడుస్తూ పాడింది. ఇంగ్లీషులో ఆ ముగ్గురే పాడితే వాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా కొన్నట్టు లేదు. ఫిన్లాండులో అకార్డియన్ మీద ఒకటి, చైనీసులో ఒకటి, ఇండోనేషియాలో పెళ్ళిళ్ళకి ఒకటి, తొంభై తొమ్మిదిలో డిస్కోల కోసం గుండెలదిరేలా మరొకటి. ఇంకా ఏవేవో కలిపి మొత్తం పద్నాలుగు.

"డాడీది లిస్టులో లేదు లా అమ్మా," అంది కీర్తిక, సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి. దాని గొంతులో జాలి ఉంది. అది ఎవరి మీదో అడగలేదు.

ట్యూన్ ఎవరిదైతేనేం, ఇంతమంది పాడుకున్నారు, మా ఆయనా పాడుకున్నారు. కానీ నేను డాక్టరును కాదన్నది పాడినందుకు కాదు కదా, కట్టినందుకు. రెండు రోజులు ఆగి, అన్నం వడ్డిస్తూ మర్యాదగా అడిగాను.

"ఏమండీ, ఆ పాట మీదే కదా?"

"ఏం, అనుమానమా?" అన్నారు. మజ్జిగ పోసుకున్నారు. లాప్‌టాప్ తీసుకుని లేచారు.

ఉగాది దాటిన ఆదివారం పొద్దున్న కమ్యూనిటీ క్లబ్బు హాలు నిండిపోయింది. ముందు వరసలో మత్తియాస్ పక్కన నన్ను కూర్చోబెట్టారు. ఆయన పచ్చడి రుచి చూసి, వేపపువ్వు పంటికి తగిలినా నవ్వుతూనే మింగేశారు. మంచి మనిషే. మా ఆయన పట్టు లాల్చీలో స్టేజీ ఎక్కి కీబోర్డు మొదలుపెట్టగానే మత్తియాస్ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. పెదాలు కదుపుతున్నారు. పాట కన్నా ఒక మాట ముందే ఆయన నోట్లోంచి వస్తోంది. నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"మీ భాషలో దీనికి అర్థమేమిటి?" అని ఇంగ్లీషులో నా చెవి దగ్గర అడిగారు.

"ఇది నీదేనా, అని."

ఆయనకు నవ్వాగలేదు. "మా భాషలో 'ఎప్పుడూ ఉండను' అని. ఒకతను ఆన్సరింగ్ మెషీన్లో మాట్లాడుతుంటాడు. ఫోన్ చేసినవాళ్ళకి చెబుతుంటాడు, నేను ఇంట్లో లేను, నేనెప్పుడూ లేను అని. నీ దా, నీ దా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పంతొమ్మిదేళ్ళ కాపురానికి అర్థం ఎవరో దుబాసీని పెట్టి చెప్పించినట్టయింది.

పాట అయిపోగానే మత్తియాస్ పిలవకుండానే స్టేజీ ఎక్కి మైకు అందుకున్నారు. నాకు పదహారేళ్ళప్పుడు మా ఊళ్ళో ఈ పాట మోగని రోజు లేదు అన్నారు. ఇంత దూరంలో, మా పాటను మీ భాషలోకి మార్చి, నా కోసం ఇంత రహస్యంగా సిద్ధం చేసిన సారథికి ఏమిచ్చి రుణం తీర్చుకోను అన్నారు. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి.

అందరి చేతుల్లోనూ సీడీలున్నాయి. అందరి సీడీల వెనకా స్వరకల్పన ఎవరిదో ఉంది. తెలుగు సంఘం కార్యదర్శి శ్యామలాదేవి తెలివైనది, తన చేతిలోదాన్ని చటుక్కున బోర్లించి ఫొటో పైకి పెట్టింది. మా ఆయన రెండు సెకన్లు కొయ్యబారిపోయారు. రెండే సెకన్లు. తర్వాత చేతులు జోడించి, మైకులోకి వంగి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెప్పారు.

"అది మీ కోసమే సర్."

చప్పట్లు మోగిపోయాయి.

మధ్యాహ్నం ఇంటికి నడుస్తున్నాం. కీర్తిక స్నేహితురాళ్ళతో వెనక ఉండిపోయింది. ఆయన చేతిలో మిగిలిపోయిన సీడీల అట్టపెట్టె. ప్రమోషన్ ఖాయమని మత్తియాస్ కారెక్కుతూ అన్నారని చెబుతున్నారు. నేను ఆగాను.

"నీదా?" అన్నాను.

ఆయనా ఆగిపోయారు. ప్రశ్నకు కాదు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో నేను ఆయన్ని ఒక్కసారి కూడా నువ్వు అనలేదు.

"ఏంటి భానూ?"

"ఆ పాట. నీదా?"

అట్టపెట్టె కింద పెట్టాడు.

"హాస్టల్లో బాలు ఉండేవాడు కదా, వాళ్ళన్నయ్య ఓడలో పనిచేసేవాడు. ఆయన తెచ్చిన క్యాసెట్టు. లేబుల్ ఊడిపోయింది, ఏ భాషో కూడా తెలీదు. వాడెవడో నీదా నీదా అని అడుగుతూనే ఉన్నాడు. వారం రోజులు విన్నాను. ఎవరూ నాదని అనలేదు. నాదే అనేశాను."

"ఎవరితో?"

"ముందు బాలుతో. తర్వాత నీతో." తల వంచుకున్నాడు. "కానీ చరణాల్లో మాటలు నావే భానూ. నీ గురించే రాశాను. ఒట్టు."

అది నిజమేనని నాకు తెలుసు. జర్మన్‌వాళ్ళకి నా రెండు జడల సంగతి ఎలా తెలుస్తుంది? ఎక్కడినుంచో ఎత్తుకొచ్చాడంటే క్షమించగలను, ఆ వయసులో ప్రేమించేవాళ్ళు పక్కవాడి చొక్కా వేసుకుని కూడా వస్తారు. నాకు తెచ్చి ఇచ్చినదాన్ని, అదే మాట మార్చకుండా, రెండు సెకన్లలో ఇంకొకరి చేతిలో పెట్టాడు. అక్కడ మండింది.

"మరి ఇందాక ఎవరి కోసమన్నావు?"

పెట్టె ఎత్తుకుని నా వెనకే నడిచాడు.

ఇంటికొచ్చి సెల్‌ఫోన్ ఆపేసి సోఫాలో కూర్చున్నాడు. టీవీ పెట్టలేదు, లాప్‌టాప్ తియ్యలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా ఆయన ఇంట్లో ఊరికే కూర్చుని ఉండటం నాకు వింతగా ఉంది. టీ ఇచ్చాను. తాగాడు. అంతలో ఇంటి ఫోను మోగింది. మత్తియాస్.

"సారథి ఫోన్ తియ్యడం లేదు. ఎల్లుండి పొద్దున్నే సిడ్నీ వెళ్ళగలడేమో కనుక్కోవాలి. ఉన్నాడా?"

మా ఆయన నాకేసి చూసి, లేనని చెప్పమని చెయ్యి ఊపాడు. మూడడుగుల దూరంలో ఉన్నాడు. చేతిలో టీ కప్పు కూడా ఉంది.

జర్మన్ భాషలో నాకొచ్చినవి రెండే ముక్కలు. అవి చెప్పాను. అవతల మత్తియాస్ కడుపుబ్బ నవ్వి, మీ ఉచ్చారణ అద్భుతం అని మెచ్చుకుని, రేపు ఆఫీసులోనే మాట్లాడతానని పెట్టేశారు.

"ఏం చెప్పావు?" అన్నాడు మా ఆయన.

"నీ పాటే," అన్నాను.