సారథి ఇంకా కాల్‌లోనే ఉన్నాడు

సారథిని దహనం చేసి అందరూ తిరిగి వచ్చేసరికి అతను ఇంకా కాల్‌లోనే ఉన్నాడు.

నాకు ఆశ్చర్యమేమీ లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లేముందు అతను కాల్‌లో ఉన్నాడు, బయటికి వచ్చే బటన్ నొక్కలేదు. ఆఖరి మనిషి వెళ్లేదాకా కాల్ గది మూయకూడదని, మేం తయారుచేసిన ఈ వీడియో యాప్‌లో రాసుకున్నది మేమిద్దరమే. తెర మీద తన గడిలో నా భర్త అరచేతుల మధ్య టీ గ్లాసు తిప్పుకుంటూ నన్ను చూస్తున్నాడు.

ఈ యాప్ నడిచే సర్వర్ అంటే పెద్దదేమీ కాదు. రాజమండ్రిలో మా వంటింట్లో, బియ్యం డబ్బా పక్కనున్న పాత కంప్యూటర్. మన మాటలు ఎవరింట్లోనో ఎందుకుండాలని సారథి పట్టుబట్టి ఇంట్లోనే పెట్టించాడు. కోడ్ మాత్రం అందరికీ తెరిచి ఉంచాం. ఎక్కడెక్కడి వాళ్లో దించుకుని మెచ్చుకుంటారు. ఇక్కడ గ్రైండర్ వేస్తే కాల్ తెగిపోతుంది. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత.

రోజూ ఈ కాల్‌లోకి నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లు వస్తారు. అల్లిన పువ్వును కెమెరాకు చూపించి ఒకరికొకరు నేర్పుకుంటారు. ఇప్పుడు సారథి గడి పెరుగుతోంది, వాళ్ల గడులు తగ్గుతున్నాయి. మొన్న అగ్గిపెట్టెలంత ఉన్నాయి, ఇవాళ కందిబద్దలంత. గడి తగ్గితే అందులో మనిషీ తగ్గాలి కదా.

వాళ్లలో పెద్దావిడ అనసూయమ్మ గారు పొద్దున్నే మా ఇంటికి వస్తుంది. నా బొటనవేలంత ఉంది. గడప ఎక్కలేక అవతలే నిలబడితే, అరచేతిలో ఎత్తుకుని పొయ్యిగట్టు మీద కూర్చోబెడతాను.

"మా చెల్లికి నా మొహం కనపడట్లేదంటమ్మా. అది మంచం దిగలేదు. ఇందులో తప్ప నన్నెక్కడ చూస్తాది?"

"ఆయనకి చోటు కావాలండీ."

"పోయినోళ్లకి అంత చోటెందుకమ్మా?"

నాకు కోపం వస్తుంది. బొటనవేలంత మనిషి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఏడుపుగా మారుతుంది. కన్నీటిబొట్టు పక్కనే పడితే ఆవిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కొంచెం జరుగుతుంది.

చేయాల్సిన పని చిన్నదే. చాలాసేపు పలకని మనిషిని గదే బయటికి పంపేలా ఒక ముక్క కోడ్ రాస్తాను. కానీ ఒకరు రాసింది రెండోవాళ్లు చదివి సరే అంటేనే యాప్‌లో కలపాలి. పెళ్లికి ముందు నుంచీ మా నియమం అది. మా శుభలేఖ కూడా అలాగే అచ్చుకు వెళ్లింది. అందుకని రాసింది సారథికే పంపిస్తాను.

అతను గ్లాసు పక్కన పెట్టి, కళ్లజోడు తగిలించుకుని, వేలు పెట్టి చదువుతాడు.

"ఇందులో తప్పుంది జలజా."

"ఏం తప్పు?"

"పలకనివాణ్ణి పంపెయ్ అని రాశావు. నేను పలుకుతున్నాగా. ఇది నాకు వర్తించదు."

"మరేం రాయను?"

"నా పేరు రాసెయ్."

"కోడ్‌లో మనుషుల పేర్లు రాయకూడదని నన్ను తిట్టేది నువ్వే కదా."

"తిట్టాను. ఇప్పుడు రాయమంటున్నాను."

నాకు ఇతన్ని పంపాలని లేదు. లోకమంతా ఆవగింజంత అయిపోయినా సరే, ఇతను ఇలా తప్పులు పడుతూ ఎదురుగా కూర్చుంటే నాకు చాలు. ఈ మాట పైకే అంటాను. సారథి వింటాడు.

పొయ్యిగట్టు మీద అనసూయమ్మ గారు ఇంకా చిన్నదవుతోంది. చెల్లెల్ని పిలుస్తోంది, నోరు కదులుతోంది గానీ మాట వినిపించే పరిమాణం దాటిపోయింది. వంగి చూస్తే చేతిలో అల్లిక సూది ఒక్కటే మెరుస్తోంది.

అతని పేరు రాస్తాను. మూడక్షరాలకు చాలాసేపు పడుతుంది.

సారథి చదివి, "సరే," అంటాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఎలా అనేవాడో, అలాగే.

సర్వర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అనసూయమ్మ గారు పెరిగి పెరిగి, గట్టు మీంచి కాళ్లు నేలకు ఆనించి దిగుతుంది. "అక్కా, ఇప్పుడు అగుపిస్తన్నావే," అని తెరలోంచి చెల్లెలి గొంతు వస్తుంది. సారథి లేడు. అతని గడి మాత్రం ఉంది, ఖాళీగా.

లేసు ఆడవాళ్లు తమ గడుల్లోంచి ఒక్కొక్కరే వంటింట్లోకి దిగుతారు. ఖాళీ గడిని తెర మీంచి ఊడదీసి భుజాలకెత్తుకుంటారు. సారథిని శ్మశానానికి తీసుకెళ్లిన రోజు నన్ను గేటు దగ్గరే ఆపేశారు. ఆడవాళ్లు రాకూడదన్నారు.

"మేం మోత్తాం," అంటుంది అనసూయమ్మ గారు. "నువ్వు ముందు నడువమ్మా."

నడుస్తాను. రేవు మెట్లు దిగి, వాళ్లు గడిని గోదావరి మీద వదులుతారు. అది మునగదు, కొట్టుకుపోదు. నది కాసేపు తటపటాయిస్తుంది. తర్వాత ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా తన నీళ్లన్నీ దగ్గరికి తీసుకుని, గడిలోకి వచ్చి కూర్చుంటుంది. చుట్టూ ఇసుక మిగులుతుంది. ఇసుక మీద పడవలు ఒరిగిపోతాయి. గడి అడుగున తెల్లటి అక్షరాల్లో సారథి పేరు అలాగే ఉంది. ఆ పేరు పైన నది సర్దుకుని కూర్చుని, తల కొంచెం వంచి, నేను మాట్లాడతానని ఎదురుచూస్తోంది.