కదలాకు

నేను ఒక గిటారు పిక్‌ను. తీగలు మీటడానికి రెండు వేళ్ల మధ్య పట్టుకుంటారే, ఆ మూడు మూలల ముక్కను. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దగా ఉంటాను. ఆ కాస్త ఒంట్లోనూ ఉన్నదంతా భయమే. ప్రమాదం కనబడితే మనుషులు కాలికి బుద్ధి చెబుతారు. నాకు కాళ్లు కూడా లేవు.

అంతకుముందు నేను దువ్వెనను. గుంతకల్లు రైల్వే కాలనీలో రూతమ్మగారి కొమ్ము దువ్వెనను. కూతురు దీవెనకు రెండు చేతులా జడ అల్లేటప్పుడు ఆమె నన్ను పళ్ల మధ్య పట్టుకునేది. కరిచీ కరిచీ నా వెన్ను మీద రెండు గాట్లు పడ్డాయి. ఆ పిల్ల కుదురుగా కూర్చునే రకం కాదు. రూతమ్మ నన్ను కరిచిపట్టుకునే "కదలాకు!" అని గద్దించేది. ఆ గద్దింపుకు పిల్లకంటే ముందు నేనే బిగుసుకుపోయేదాన్ని.

దీవెనకు ఎనిమిదేళ్లప్పుడు, క్రిస్మస్ ఆరాధనలో ఒక రైల్వే గార్డుగారు గిటారు వాయించారు. పిల్ల నోరు తెరుచుకుని చూసింది. ఇంట్లో గిటారు లేదు కదా, నన్నే ఒళ్లో పెట్టుకుని గోటితో నా పళ్లు మీటుతూ పాడింది. మూడో రోజుకు నేను రెండు ముక్కలయ్యాను. రూతమ్మ చీపురు అందుకుంది. పిల్ల తండ్రి, ఆశీర్వాదం, అడ్డం వచ్చాడు.

"ఇడిసిపెట్టు రూతమ్మా. పాపకు గిటారు నేర్పిద్దాం."

ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. ఎక్కడినుంచో పాత గిటారు తెచ్చాడు, మీటే ముక్క తేవడం మరిచాడు. మనుషుల పనులు ఇలాగే ఉంటాయి. ఆ మతిమరుపుకు నేను బలయ్యాను. షెడ్డులోని వైస్ ఇనుప దవడల మధ్య బిగించి రంపం పెట్టినప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. తర్వాత ఆకురాయి. చివరికి గాట్లున్న వెన్ను ముక్క ఒక్కటే మిగిలింది. అదే నేను.

దీవెనకు భయం వేస్తే చేతికి చెమట పడుతుంది. చెమట పడితే నేను జారతాను. అందుకే ఆమె భయాలన్నీ నాకు రెండింతలు. మందిరంలో మొదటిసారి వాయించిన రోజు, సరిగ్గా పాట ఎత్తుకునే వేళ, గిటారు నడుమ ఉన్న గుండ్రటి కంతలోంచి లోపలికి పడిపోయాను. చిమ్మచీకటి. ఇక నా బతుకు ఇక్కడేనని వణికిపోయాను. సంఘమంతా చూస్తుండగా ఆమె గిటారును తలకిందులు చేసి ఊపితే ఎలాగో బయటపడ్డాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. దీవెన నన్ను గట్టిగా పట్టుకుని గొణిగింది: "కదలాకు."

నాకే చెబుతోందనుకున్నాను. కాదు, వణుకుతున్న తన చేతికి.

అప్పటినుంచీ అది అలవాటైంది. పెళ్లిళ్లు, కాలేజీ పండుగలు, ఎక్కడ వాయించినా పెదవుల మీద ఆ మాటే. అనంతపురంలో గది తీసుకుని పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక, "భయమా? నాకెప్పుడూ లేదు" అని శిష్యులకు చెప్పేది. తడిసి ముద్దయిన నన్ను ఎవరూ అడగలేదు. శిష్యులు అడిగితే అరువిచ్చేది కూడా. ఒకడు నాతో వీపు గోక్కున్నాడు.

ఆమెకు ముప్పై ఏళ్లు దాటాక హైదరాబాదు నుంచి రికార్డింగుకు పిలుపొచ్చింది. ఆమె వాయింపు మొదటిసారి జిల్లా దాటి వినబడబోతోంది. అద్దాల గది, మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. రికార్డిస్టు నా చప్పుడు విని పెదవి విరిచాడు.

"మేడమ్, ఆ ముక్క టక్కుటక్కుమంటోంది. ఈ ప్లాస్టిక్‌ది తీసుకోండి."

నన్ను బల్ల మీద పెట్టింది. పక్కనే చెత్తబుట్ట. నా పైప్రాణాలు పైనే పోయాయి. కొత్తదానితో వాయించింది. అతను ఆపాడు.

"ఏదో గొణుగుతున్నారు. మైకు పట్టేస్తోంది."

మళ్లీ వాయించింది. మళ్లీ అదే గొణుగుడు.

"ఇంకొక్కసారి చూద్దాం. కాకపోతే వేరేవాళ్లను పిలుస్తాను, ఏమనుకోకండి."

దీవెన చేతి చెమటకు ప్లాస్టిక్‌ది జారబోతే గట్టిగా పట్టుకుంది. ఆ మాట అనకపోతే ఆమెకు వాయించడం రాదు, అన్నదంటే అతను ఉంచడు. చుట్టూ చూసింది. బల్ల మీదినుంచి నన్ను తీసి పళ్ల మధ్య పెట్టుకుని కరిచింది.

ఆమె పళ్లు వాళ్లమ్మ గాట్లలో సరిగ్గా కూర్చున్నాయి. పాట మొదలైంది. మాట నోటిదాకా వచ్చి నా దగ్గర ఆగిపోయేది. మైకుకు తెలియలేదు. నాకు తగులుతూనే ఉంది: కదలాకు, కదలాకు. నేను కదల్లేదు. చివరి తీగ మోత పూర్తిగా అణగేదాకా ఆమె చెయ్యీ వణకలేదు.

"ఓకే మేడమ్" అన్నాడు అతను.

ఇప్పుడు గిటారు సంచి జేబులో ఉంటున్నాను. భయం పోయిందనుకునేరు. జిప్పు తెరుచుకున్న ప్రతిసారీ గుండె దడే. ఈసారి వేళ్ల మధ్యకా, పళ్ల మధ్యకా?