గుడ్ ఫోర్‌నూన్ మామయ్యగారు

ఎనిమిదిన్నర దాటింది, మామయ్యగారు ఇంకా రాలేదు. ఏడింటికి వాకింగ్‌కి వెళ్ళిన మనిషి ఎనిమిదికల్లా వచ్చి కాఫీ అడగాలి. ఫోన్ చేస్తే అది డైనింగ్ టేబుల్ మీదే మోగింది. మా ఆయన బాలమురళి ఆఫీసు పని మీద సిడ్నీలో ఉన్నారు. ఆయనకేమని చెప్పను? మీ నాన్నగారిని నిన్న నోటికొచ్చినట్టు అన్నాను, ఇవాళ కనపడటం లేదని చెప్పనా?

మామయ్యగారు బందరు తాలూకాఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి హెడ్ క్లర్క్‌గా రిటైరయ్యారు. ఆయన ఇంగ్లీషంతా ఫైళ్ళలోంచి వచ్చిందే. ఎవరు ఉద్యోగంలో చేరినా, బదిలీ అయినా, ఫలానా తేదీ ఫోర్‌నూన్ అనో ఆఫ్టర్‌నూన్ అనో రాయాలి కదా! అందుకని ఆయనకు పొద్దున్నంటే మార్నింగ్ కాదు, ఫోర్‌నూనే. మా దగ్గరికి వచ్చాక కూడా అంతే. మేముండే ఈ క్రెయిగీబర్న్‌లో మా వీధిన ఎవరెదురైనా సరే, మంకీ క్యాప్ పైకి తోసి, "గుడ్ ఫోర్‌నూన్, మేడమ్. ఐ ట్రస్ట్ యూ ఆర్ కీపింగ్ వెల్?" అంటారు. అని ఊరుకోరు, జవాబు వచ్చేదాకా నిలబడతారు.

నిన్న పదకొండింటికి మా ఆఫీసు టీమ్ వాళ్ళను బార్బీకి, అదే ఇక్కడివాళ్ళ పెరటి బార్బెక్యూ విందుకి, పిలిచాను. మా మేనేజర్ గేటు దాటాడో లేదో, ఈయన ఎదురెళ్ళి ఫోర్‌నూన్ మొదలుపెట్టారు. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వాళ్ళు వెళ్ళగానే, "మామయ్యగారూ, దయచేసి ఆ పాత మాటలు మానెయ్యండి. నలుగురూ నవ్వుతున్నారు. అందరిలాగా హాయ్ అనేస్తే పోయేదానికి ఎందుకొచ్చిన తద్దినం!" అన్నాను.

"సరేనమ్మా" అన్నారాయన. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

"మమ్, తాతయ్య డిడ్ నాట్ సే ఇట్ టు మీ టుడే" అంది మా అమ్మాయి గీతిక, బూట్లు వేసుకుంటూ.

"నోర్మూసుకుని కారెక్కు!" అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల, దాని తప్పేముంది? నా మీద కోపం దాని మీద చూపించాను.

బయట పొగమంచు. ఎనిమిదీ యాభైకి స్కూలు గంట, తొమ్మిదింటికి నాకు మీటింగు. ఏ బెంచీ కనిపించినా కారు నెమ్మది చేసి చూస్తున్నాను. ఈయనకు బీపీ, ఇంటి నంబరు చెప్పగలరో లేదో కూడా నేనెప్పుడూ అడగలేదు. వీధి చివర ఎనభై ఏళ్ళ ముసలావిడ చెత్తడబ్బా లోపలికి లాక్కుంటోంది. అద్దం దించి అడిగాను.

"చెరువు వైపు వెళ్ళారు. ఆయనకు ఒంట్లో బాగాలేదా?" అంది ఇంగ్లీషులో. "పలకరించకుండా తల దించుకుని వెళ్ళిపోయారే!"

చెరువు దగ్గర కారాపి పరుగెత్తాను. బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి, చేతిలో ఏదో కాయితం. నన్ను చూసి ఉలిక్కిపడి లేచారు.

"ఏంటి మామయ్యగారూ ఇది! ఫోన్ లేదు, ఏమీ లేదు! నా ప్రాణాలు పోయాయనుకోండి!"

"నోరు తిరగట్లేదమ్మా. కాస్త తిరిగాక వద్దామని..." అన్నారు తప్పు చేసినవాడిలాగా.

కాయితం లాక్కుని చూశాను. మార్జిన్ కొట్టి, నంబర్లు వేసి, తెలుగు అక్షరాల్లో గుండ్రంగా రాసుకున్నారు. ఒకటి, హాయ్. రెండు, హౌ యా గోయింగ్. మూడు, నో వరీస్. టీవీ చూసి రాసుకున్నారట. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇవేమీ వద్దు మామయ్యగారూ. మీకెలా వస్తే అలాగే మాట్లాడండి. నాకే బుద్ధి లేదు."

"అదేంటమ్మా, నువ్వు చెప్పింది సబబే. వచ్చిన చోట పద్ధతి నేర్చుకోవద్దూ?"

అంతలో ఎర్రజాకెట్ వేసుకున్న ఒకామె జాగింగ్ చేస్తూ ఇటే వచ్చింది. మామయ్యగారు గబగబా స్వెట్టరు సర్దుకుని నిలబడ్డారు.

"హాయ్. హౌ యా గోయింగ్?"

ఒక్క పొల్లు పోలేదు. ఆమె "గుడ్, థాంక్స్!" అని చెయ్యూపి, ఆగకుండా మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది.

"సరిగ్గానే అన్నానా అమ్మా?"

"సరిగ్గానే అన్నారు."

ఆయన ఆమె వెళ్ళినవైపే చూస్తున్నారు.

"రోజూ ఆగేది. వాళ్ళమ్మకి ఆస్పత్రిలో ఎలా ఉందో చెప్పి మరీ వెళ్ళేది" అన్నారు.