పిడుగు నేర్చిన కొత్త ఆట

పదకొండో నెల వచ్చేసరికి ఆ పిల్లకి రాని విద్య లేదు. చప్పట్లు కొట్టేది. టాటా చెప్పేది. దువ్వెన దొరికితే తలకి, చెంచా దొరికితే నోటికి, చెప్పు దొరికితే అదీ నోటికే. గోడ పట్టుకుని ఇల్లంతా ఓ చుట్టు చుట్టి వచ్చేది. తాతయ్య దానికి 'పిడుగు' అని పేరు పెట్టాడు. అసలు పేరు ఎవరికీ గుర్తులేనంతగా అదే ఖాయమైపోయింది.

తాతయ్య అంటే నాన్నకి నాన్న. సిటీ బస్సు తోలి తోలి రిటైరయిన మనిషి. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఆమె సెలవులు అయిపోవచ్చినప్పుడు, పాపని క్రెష్‌లో వేద్దామా అని మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకుంటుంటే, పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నిండు బస్సుని అన్నేళ్ళు నడిపాను. ఎవరి మోకాలూ గీరుకుపోలేదు. ఈ గుప్పెడు పిల్లని చూసుకోలేనా?"

భార్య పోయాక ఆయన గొంతులో అంత హుషారు వినపడటం అదే మొదలు. క్రెష్ మాట అక్కడితో ఆగిపోయింది.

బాగానే చూసుకున్నాడు. బల్ల మూలలకి స్పాంజి ముక్కలు కట్టాడు. పాప పడుకున్నప్పుడు కుక్కర్ కూత పెట్టకుండా పొయ్యి దగ్గరే కాపలా కూర్చునేవాడు. కోడలు దుకాణంలో నిశ్చింతగా పని చేసుకునేది.

ఓ సాయంత్రం పాప సోఫా పట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి చెయ్యి సోఫా అంచు మీంచి జార్చుకుంటూ మెల్లగా కింద కూలబడింది. తల ఎడమ భుజం మీదికి వాల్చి కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచి, అరచేత్తో నుదుటి నుంచి గడ్డం దాకా తుడుచుకుని, "ఏ లే... ఏ లే" అంది.

కొడుకు పడీ పడీ నవ్వాడు. "ఓసి దీని వేషాలో! మళ్ళీ చెయ్యవే, ఏదీ మళ్ళీ!" అంటూ ఫోన్ తీశాడు. పాప మళ్ళీ చేసింది. ఆ వీడియో వాళ్ళ మెకానిక్కులందరికీ చేరింది. పక్కింటావిడ వస్తే చేయించారు. కోడలి అన్నయ్య ఫోన్ చేస్తే చేయించారు. ఆ ఆట మొదలైనప్పుడల్లా పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు. అది ఎవరూ పట్టించుకోలేదు.

టీకా వేయించడానికి కోడలు ఓ పూట సెలవు పెట్టి పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పిల్లల డాక్టరమ్మ అన్నీ అడిగింది. పట్టుకుని నిలబడుతుందా, వేళ్ళతో గింజలు ఏరుతుందా, చూసినవి చేస్తుందా.

"చెయ్యడమా మేడమ్! చూడండి దీని నాటకం" అని కోడలు పాపని బల్ల పక్కన నిలబెట్టింది. పాప చెయ్యి జార్చింది. కూలబడింది. తల వాల్చింది. మొహం తుడుచుకుంది. "ఏ లే."

డాక్టరమ్మ నవ్వింది. "ఈ వయసులో వాళ్ళంతట వాళ్ళు కథలల్లరమ్మా. ఎవరో చేస్తే చూసి చేస్తారు. ఇంట్లో ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలే..." అంటూనే కోడలు ఆగిపోయింది.

నుదుటి నుంచి గడ్డం దాకా. తువ్వాలుతో మొహం అలా తుడుచుకునేది మావయ్య. ఏమడిగినా 'ఏం లేదు, ఏం లేదు' అనేది మావయ్య. తర్వాత డాక్టరమ్మ ఏం చెప్పిందో, తనెలా ఇంటికి చేరిందో ఆమెకి గుర్తులేదు.

పెద్దాయన తలుపు తీశాడు. "సూది పొడిచారా నా తల్లికి?" అంటూ చేతులు చాచాడు.

కోడలు తనకి తెలియకుండానే పాపతో ఓ అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు ఇద్దరూ గమనించారు.

"మావయ్యా, మీరు పడిపోతున్నారా?"

"ఎవరు చెప్పారు?"

లేదు అనలేదు. ఎవరు చెప్పారు అన్నాడు. కోడలు చెప్పులు విప్పుకునే బల్ల మీదే కూలబడింది.

"ఇదే చెప్పింది" అంది పాపని చూపిస్తూ.

పెద్దాయన గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. "కాసేపు కళ్ళు బైర్లు కమ్ముతాయమ్మా, అంతే. ముందే తెలిసిపోతుంది నాకు. దాన్ని కిందికి దింపేస్తాను. దింపాకే..."

"ప్రతిసారీ దింపాకేనా?"

ఆయన తువ్వాలుతో నుదుటి నుంచి గడ్డం దాకా తుడుచుకున్నాడు. "మొన్నోసారి కళ్ళు తెరిచేసరికి నా చొక్కా పట్టుకుని లాగుతోంది. ఎంతసేపట్నించి లాగుతోందో తెలీదు."

కోడలికి బాత్‌రూమ్‌లో నిండుగా ఉండే బకెట్ కళ్ళ ముందు కదిలింది. బాల్కనీ తలుపు కదిలింది. నోటిదాకా వచ్చిన మాట మనిషిని అనదగ్గది కాదు. అది మింగేసి, "ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అనగలిగింది.

"చెప్తే దాన్ని క్రెష్‌లో వేస్తారు. నన్ను కుర్చీలో వేస్తారు."

కోడలు ఫోన్ చేస్తే కొడుకు గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. ముందు నమ్మలేదు. ఫోన్ తీసి ఆ వీడియో మళ్ళీ చూశాడు. పాప కూలబడుతుంటే వెనకాల తన నవ్వే పెద్దగా వినపడింది. సగంలో ఆపేసి, ఫోన్ బోర్లా పెట్టి, "నడు నాన్నా" అన్నాడు.

గుండె డాక్టరు గది ముందు పాపని ఒళ్ళో పెట్టుకుని ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. పేరు పిలవగానే పెద్దాయన లేచాడు. లేస్తూనే చెయ్యి గోడ మీద పడి, మెల్లగా కిందికి జారింది. ఆ తర్వాత ఏమవుతుందో కొడుక్కి తెలుసు. తల ఎడమ పక్కకి వాలుతుంది, కళ్ళు మూతపడతాయి. వరసా వేగమూ అన్నీ తెలిసి కూడా వాడు కొయ్యబారిపోయాడు. నర్సులే పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు.

గుండె మధ్యమధ్యలో కొట్టుకోవడం మానేస్తోందని డాక్టరు చెప్పాడు. "ఇన్నాళ్ళు నెట్టుకొచ్చారంటే మీ అదృష్టం" అని, పాప వంక చూసి ఆ పై మాట అనలేదు. మర్నాడే ఛాతీలో పేస్‌మేకర్ పెట్టారు.

పాప క్రెష్‌లో చేరింది. మధ్యాహ్నం నుంచి తనే చూసుకునేలా కోడలు దుకాణంలో పనివేళలు మార్చుకుంది. పెద్దాయన దేనికీ అడ్డు చెప్పలేదు. అలా చెప్పకపోవడమే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

కుట్లు మానేదాకా బరువులెత్తొద్దన్నారు. అందుకని పాప ఇంటికి రాగానే ఆయన తనే చాప మీద కూర్చునేవాడు. పుట్టినరోజు ఇంకో వారంలో ఉందనగా, పాప ఆయన మోకాలు పట్టుకుని, పంచె గుంజుకుంటూ, మూలుగుతూ ఒళ్ళోకి ఎక్కేసింది. ఎవరూ ఎత్తకుండా ఎక్కడం అదే మొదటిసారి. ఎక్కి, చొక్కా కింద ఉబ్బెత్తుగా ఉన్నచోట చూపుడువేలితో నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"అది హారన్ కాదే తల్లీ" అన్నాడు పెద్దాయన.

కోడలు నవ్వింది. నవ్వుతూనే ఆయన మొహం వంకే చూస్తూ నిలబడింది.